మర్జీ ఎవరిది?

మాట్లాడేదానికి బదులు రాస్తాండాను. నాకు అలవాటు లేని పని. ఇన్నేండ్లూ నోటితోనే బతికినోన్ని. మా ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు, దస్తగిరి దగ్గర కూచుంటే పొద్దు తెలీదు, లేచిపోదామంటే సందియ్యడు అని. ఇప్పుడు కావలసినంత సందు. మెడ కింద చిన్న రంధ్రం ఉండాది. ఊపిరి దాంట్లోనే పోతాది, దాంట్లోనే వస్తాది. మాట మాత్రం లేదు. ఇప్పుడు ఎవరన్నా వచ్చి కూచుంటే వాళ్లే మాట్లాడాల, నేను వినాల. అదెంత శిక్షో మాటకారోళ్లకే తెలుస్తాది.

వచ్చినోళ్లందరూ ఒకటే అడుగుతాండారు, ఎట్లా మొదలయింది, ఎట్లా తట్టుకున్నావని. అందరికీ పలక మీద రాసి చూపించి చూపించి చెయ్యి పడిపోతాండాది. ఒకేసారి రాసి పెడితే చదువుకుంటారు గదా అని కూచున్నా. ఒక సంగతి ముందే చెప్పేస్తాను, కడదాకా చదవనోళ్లు కూడా ఉంటారు కాబట్టి. గొంతులో బొంగురు వచ్చి పోకుండా ఉంటే మిరియాల కషాయం తాగుతా కూచోవద్దు. పోయి చూపించుకోండి.

మేము దూదేకులోళ్లం. నందికొట్కూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో ఉండాది మా ఊరు. పేర్లు దస్తగిరి, మౌలాలి, కాశింబీ అని ఉంటాయి, ఇంట్లో మాట్లాడేది తెలుగు. కర్నూలు టౌనులో సాయిబులు ఉర్దూలో పలకరిస్తే మేము తెలుగులో జవాబిస్తాము. వాళ్లు నవ్వుకుంటారు, మేమూ నవ్వుకుంటాము. మా జేజినాయన భుజాన విల్లు వేసుకోని ఊరూరూ తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ విల్లు నారి మీద కొయ్యతో కొడితే డుంగు డుంగుమని మోగేది. గడ్డకట్టిన దూది విడిపోయి తెల్లగా లేచేది, ఆయన మీసాలకు, కనుబొమ్మలకు, నా తలకు అంటుకునేది. మా అవ్వ మమ్మల్ని చూసి, తాతా మనవడూ ఇద్దరూ ముసలోళ్లయి వచ్చినారని ఎగతాళి చేసేది. నేనూ పరుపులే కుట్టినా, మిషన్లో ఏకిన దూదితో. ఆ డుంగు డుంగు మాత్రం మళ్లీ యాడా వినలేదు.

మా ఊరి మసీదులో బాంగు ఇచ్చేది కూడా జేజినాయనే. బాంగంటే నమాజుకు రమ్మని పిలిచే పిలుపు. అప్పట్లో మైకు లేదు. మసీదు ముందర రాతికట్ట ఎక్కి, చెవుల్లో వేళ్లు పెట్టుకోని పిలిస్తే శనక్కాయ చేన్లో పనోళ్లు నడుములెత్తి చూసేవాళ్లు. నాకు నేర్పింది ఆయనే. అరబ్బీ మాటలు మా నాలుకకు ఒక పట్టాన తిరగవు. 'హయ్య అలల్ ఫలాహ్' అనాల. మేలుకు రండి అని దానర్థం. నాకు మాత్రం అది పలావు మాదిరి వినపడేది. రోజుకు ఐదుసార్లు జేజినాయన ఊరందరినీ పలావు తినేదానికి పిలుస్తాండాడని నిజంగానే అనుకున్నా. మరి మా ఇంట్లో ఎప్పుడు చూసినా రాగి సంగటే ఎందుకుంటుందని ఒకరోజు అడిగేసినా. ఆయన నవ్వు ఆపుకోలేక విల్లు కింద పెట్టేసినాడు. ఆ మాట ఊరంతా పాకింది. మసీదుకు ఎదురింట్లో మగ్గం నేసే ఓబులేసు నా తోటోడు, చిన్నప్పటినుంచీ ఒకరినొకరు బావా అనుకుంటాము. మధ్యాన్నం బాంగు వినపడగానే మగ్గం గుంటలోనుంచి లేచి, "ఏమే, బావ పలావుకు పిలిచినాడు, అన్నం పెట్టు" అని పెండ్లాంతో అంటాడు. నేను జేజినాయన తర్వాత బాంగు మొదలుపెట్టిన రోజునుంచీ ఇదే మాట.

ఇంకొక మాట చెప్పాల, మర్జీ. మా పక్క అందరూ అనేదే. బేరం కుదరకపోతే సెట్టి "నీ మర్జీ అప్పా" అంటాడు, నీ ఇష్టం అని. మా ఇండ్లల్లో ఇంకొకటి కూడా అంటారు, అల్లా మర్జీ అని. వాన రాకపోతే అల్లా మర్జీ, బర్రె సచ్చిపోతే అల్లా మర్జీ. మనిషికీ దేవునికీ మాట ఒకటే. చిన్నప్పుడు నాకు ఆ రెండూ కలిసిపోయినాయి. ఒకరోజు బాంగు నేర్చుకుందువు రా అంటే పోకుండా, పచ్చి చింతకాయలు కడుపునిండా తిని, నొప్పితో మెలికలు తిరుగుతా వచ్చి పడుకున్నా. యాడికి పోయినావురా అని జేజినాయన అడిగితే, "అల్లా మర్జీ, జేజినాయనా" అన్నా. పెద్దోళ్ల నోట్లో వినేదే గదా.

ఆయన కొట్టలేదు. వాము నీళ్లు తాపి పక్కన కూచున్నాడు. "చెట్టు పుట్టించింది ఆయన మర్జీ. కాయ పుల్లగా ఉండేది ఆయన మర్జీ. తినింది ఎవురి మర్జీరా?" అన్నాడు.

"నాది."

"ఆఁ. నీది తీసకపోయి ఆయన మీద ఎయ్యొద్దు. ఆయనది తెచ్చుకోని నీ నెత్తిన పెట్టుకోవద్దు."

మొదటి మాట అప్పుడే ఎక్కింది. రెండోది ఎక్కేదానికి నాకు ముసలితనం వచ్చి, కర్నూలు ఆసుపత్రి బెంచీ మీద కూచోవలసి వచ్చింది.

పోయిన రంజాన్‌లో మొదలయింది. ఉపవాసాలు కదా, గొంతు ఎండి బొంగురు పోయిందనుకున్నా. పండగ దాటింది, బొంగురు పోలేదు. బాంగులో పైకి పోయే చోట గొంతు చీలిపోతాండాది. "బావా, నీ పలావు మాడిపోతాండాది" అని ఓబులేసు నవ్వినాడు. నేనూ నవ్వినా. మింగేటప్పుడు చెవిలోకి నొప్పి కొట్టడం మొదలయినాక నవ్వు ఆగిపోయింది. మా ఇంటామె కాశింబీ కడపామె. ఆమె ఒక పని అనుకుంటే ఇంగ ఆగదు. నందికొట్కూరులో చూపిస్తే వాళ్లు కర్నూలుకు పొమ్మన్నారు. మరుసటిరోజే నన్ను బస్సెక్కించింది.

ఎండలు మండే రోజులు. ఆసుపత్రి వరండాలో బెంచీలు కూడా కాలిపోతాండాయి. కూచున్న ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే, బీడీనా గుట్కానా అని. ఏదీ లేదంటే నమ్మరు. చీటీ రాసే ఆమె కూడా నమ్మలేదు. "నిజం చెప్పు పెద్దాయనా, మీ ఇంట్లో చెప్పములే" అనింది. కాశింబీ పక్కనే కూచోనుండాది. నాకు కోపం తన్నుకోని వచ్చింది. నా అన్న మౌలాలి మీసాలు రాని వయసునుంచీ బీడీ ఆర్పకుండా తాగుతాండాడు. వాని గొంతు కంచు మాదిరి మోగుతాది. నేను వక్క కూడా నమలలేదు, బాంగు ఇచ్చే నోరని. అల్లా పేరు పిలిచే గొంతు, ఆయన పేరు పిలిచే గొంతు అని దాచుకోని దాచుకోని పెట్టుకున్నా. దాన్నే పట్టుకున్నాడు.

డాక్టరమ్మ మంచామె. నా ఎదురుగానే చెప్పింది. మాట పుట్టే పెట్టెలోనే గడ్డ ఉండాది, పెట్టె మొత్తం తీసేయాల, తీస్తే బతికే దారి ఉండాది, మాట మాత్రం పోతాది అనింది. తియ్యకపోతే అని కాశింబీ అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అల్లా మర్జీ అమ్మా" అన్నా నేను. వదిలెయ్యండి, ఇట్లనే పోతాను అని నా ఉద్దేశం.

ఆమె ఒక కాగితం ముందుకు జరిపింది. "ఆయన మర్జీ సరే. ఈడ సంతకం నువ్వు పెట్టాల. నీ మర్జీ ఏందో చెప్పు."

కాగితంలో 'నా ఇష్టపూర్వకంగా' అని అచ్చేసి ఉండాది. నేను పెట్టలేదు. ఆలోచించుకుంటానని, నన్ను చేర్చుకున్న వార్డుకు వచ్చేసినా. అంతా ముందే రాసి పెట్టినోడు ఉండంగా, నన్ను మళ్లీ రాయమంటారేమి అని మంట. గొంతిచ్చి బతికితే నేను ఎవరిని? పిలవలేని బాంగోడు ఎందుకు ఊళ్లో? గొంతుతోనే పోతే జేజినాయన దగ్గరికి నిండుగా పోతాను అనుకున్నా. నిజం చెప్పాలంటే భయం కూడా ఉండాది. కత్తి అంటే భయం. అల్లా మర్జీ అంటే ఆ భయం కనపడదు.

మా ఇంటోళ్ల మధ్య రగడ మొదలయింది. మౌలాలి పెట్టెయ్యరా సంతకం అంటాడు. కాశింబీ అన్నదమ్ములు కడపనుంచి ఫోన్లు, ముందు దర్గాకు వచ్చి మొక్కుకోండి, తర్వాత చూద్దామని. కాశింబీ ఏ పక్కా చేరలేదు. మూడు పూటలూ జావ పట్టుకోని వచ్చి తాపుతాది, పోయి వరండాలో కూచుంటాది. ఒకరోజు నేను "ఏమంటావు మే?" అని అడిగితే గిన్నె నేల మీద పెట్టి, "నీ మర్జీ" అనింది. సెట్టి అన్నట్లు కాదు. ఆమె ఆ మాట అంటాంటే పెదిమలు వణికినాయి. ఆమెకు అంత కోపం రాగా నేను చూడలేదు.

మా వార్డు బయట ఒక మంచం, ఆడోళ్ల వార్డులో ఉండాల్సిన ఈరమ్మది. జాగా లేక ఆమెను వరండాలోనే, మా తలుపు పక్కన పండబెట్టినారు. కోసిగి పక్క పల్లె. వానలు లేకపోతే ఊరు ఊరంతా గుంటూరు పక్క మిరపకోతలకు పోతారు, సుగ్గి అంటారు దాన్ని, అట్లా ఏటా పోయే మనిషి. నాలుక మీద పుండు. ఆమెకు కూడా అదే కాగితం ఇచ్చినారు. చదివి వినిపించమని నా దగ్గరికి తెచ్చింది. చదివినా. సగం నాలుక పోవచ్చని ఉండాది. ఆమె వెంటనే సిరా డబ్బీ అడిగి వేలి ముద్ర ఏసేసింది.

నేను ఉండబట్టలేక అడిగినా. "అంత తొందరగా ఎట్ల ఏస్తివమ్మా? ఆలోచించుకోవా?"

"ఆలోచన దేనికి నాయనా. పెండ్లి నన్ను అడిగి చేసిందా? సుగ్గికి నన్ను అడిగి తీసకపోయినారా? ఈ పుండు నన్ను అడిగి వచ్చిందా? పుట్టిన కాడినుంచి నన్ను అడిగి చేసింది ఇదొకటే. అడిగినారు గదా. అందుకే ఏసినా."

ఆమె నాలుక నొప్పికి ఒక్కొక్క మాట నిలిపి నిలిపి చెప్పింది. చెప్పి, వేలికంటిన సిరా గోడకు రుద్దుకోని పోయి పండుకునింది. జేజినాయన చెప్పిన రెండో మాట గుర్తుకొచ్చింది. గడ్డ నేను తెచ్చుకున్నది కాదు. దానికి నేనేం తప్పు చేసినా అని రోజుల తరబడి తవ్వుకుంటాండా. ఆయనది తెచ్చి నా నెత్తిన పెట్టుకున్నా. సంతకం నాది. దాన్ని తీసకపోయి ఆయన మీద ఏస్తాండా.

అయినా వెంటనే పెట్టలేదు. మొండోన్ని. రెండు రోజులకు ఇంటికి పోయి వస్తానని అడిగినా. శుక్రవారం కలిసేటట్లు ఊరికి వచ్చినా. శుక్రవారాలు ఆత్మకూరు నుంచి ఒక పెద్దాయన మా మసీదుకు నమాజు చదివించేదానికి వస్తాడు. ఆయన్ను మేము హజ్రత్ అంటాము. నమాజుకు ముందే వచ్చి కట్ట మీద కూచున్నాడు. పోయి పక్కన కూచున్నా. గొంతులో గాలి తప్ప ఇంగ పెద్దగా లేదు, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడినా.

"హజ్రత్, అంతా ముందే రాసినాడంటారు గదా. మరి నా సంతకం ఎందుకు?"

"ఆయనకు ముందే తెలుసు" అన్నాడు. "తెలిసేది వేరు, చేయించేది వేరు. రేపు పొద్దున నువ్వు ఉగ్గాని తింటావని నీ భార్యకు ఈ రోజే తెలుసు. తెలిసినంత మాత్రాన ఆమె తినిపించినట్లా?"

"మా కాశింబీకి తెలిసేదే కాదు హజ్రత్, చేసి పెట్టేది కూడా ఆమే."

ఆయన గడ్డం పట్టుకోని నవ్వినాడు. నేను నవ్వలేదు. "సరే, తెలుసు. ఆపగలడు గదా? ఇన్నేండ్లు ఆయన పేరే పిలిచిన గొంతు. మా అన్న బీడీలు తాగుతాడు. కోసిగి ఆడమనిషి ఒకామె ఉండాది, ఆమె బతుకంతా వంగి మిరపకాయలు కోయడం తప్ప ఏ పాపమూ ఎరగదు. ఎందుకు ఆపలేదు?"

హజ్రత్ చేతిలో తిప్పుతాండే జపమాల పక్కన పెట్టినాడు. "కితాబుల్లో జవాబులు ఉండాయి" అన్నాడు. "పరీక్ష అంటారు. పాపాలు కడిగేదానికి అంటారు. మనకు తెలియని మేలు అంటారు. నేనూ మీకు శుక్రవారాలు చెప్తాంటా. నా భార్య కాన్పులో పోయినప్పుడు అవన్నీ నాకు కూడా చెప్పినారు. వద్దు దస్తగిరీ. నీకు నేను అవి చెప్పను. నాకు తెల్దు."

"మరి నేనేం జేయాల?"

"అడుగు. నేను అప్పటినుంచీ అడుగుతాండా. నమాజు విడవకుండా అడుగుతాండా. అడగొద్దని ఆయన నాకు యాడా చెప్పలేదు."

నాకు జవాబు దొరకలేదు. ఈ రోజుకూ దొరకలేదు. కానీ ఆయన నాకు తెల్దు అన్నాక గుండె మీదనుంచి ఒక మూట దిగినట్లయింది. అంత చదివినాయనకే తెలీకపోతే నాకు తెలీకపోవడం పాపం కాదులే అనుకున్నా. లేచి, ఈ పొద్దు బాంగు నేనిస్తానన్నా. మౌలాలి వద్దురా అన్నాడు. హజ్రత్ ఇయ్యనీ అన్నాడు.

మైకు ముందు నిలబడి చెవుల్లో వేళ్లు పెట్టుకున్నా. మొదటి మాటలు ఎట్లనో వచ్చినాయి. ఫలాహ్ దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలి గాలి మాత్రమే వచ్చింది. మళ్లీ ఎత్తుకున్నా, మళ్లీ చీలింది. ముగించి బయటికి వస్తే ఓబులేసు మసీదు మెట్ల కింద నిలబడి ఉండాడు, చేతికి ఇంకా నూలు పోగులు అంటుకోని. అన్నానికి పోలేదు. "బావా" అన్నాడు. నేను వాని భుజం మీద చెయ్యేసి ఏడ్చేసినా. దాచిపెట్టేది ఏముంది, గొంతు ఉండంగానే ఏడ్చుకున్నా.

సోమవారం కర్నూలులో సంతకం పెట్టినా. కాశింబీ చూస్తా ఉండాది. ఆమె కొంగుతో నా వేళ్లు తుడిచింది, పెన్ను సిరా ఏమీ అంటకపోయినా.

ఆపరేషన్ సంగతి రాసేదానికి నాకేం తెలుసు, మత్తులో ఉంటి. మెలకువ వచ్చినాక కాశింబీని పిలిచినా. నోరు కదిలింది, పిలుపు రాలేదు. ముందే తెలుసు గదా అనుకుంటారు. తెలిసేది వేరు, జరిగేది వేరు. ఆమెకు అర్థమై వచ్చి, "ఈడనే ఉండా" అనింది. తుమ్మితే మెడలోనుంచి వస్తాది. వాసనలు తెలీవు. ఈరమ్మ ఆపరేషన్ అయ్యి పక్క వార్డుకు పోయినాక, తన తిండి తనకే దిగని మనిషి, ఒకరోజు ఎవరి చేతనో నాకు సొరకాయ నీళ్లు పంపిచ్చింది. ఇద్దరమూ మాట లేనోళ్లమయినాము. ఆమె కోసిగికి పోయే రోజు తలుపు కాడ నిలబడి బొటనవేలు పైకెత్తి చూపించింది, సిరా అంటించిన వేలు. నేనూ ఎత్తినా. ఆమె ఎట్లుండాదో నాకు తర్వాత తెలీలేదు. తెలుసుకునే దారి కూడా తెలీదు.

ఇంటికి వచ్చేసరికి పీర్ల పండగ అయిపోయింది. చిన్నప్పుడు పీర్లు లేచే రోజు జేజినాయన భుజం మీద కూచోని చూసేవాణ్ణి, పక్కన ఓబులేసు వాళ్ల నాయన భుజం మీద వాడు. ఈసారి ఇద్దరమూ చూడలేదు, వాడు నన్ను చూసేదానికి కర్నూలు వచ్చి కూచున్నాడు. ఇంటికి వచ్చినాక ఒక గుడ్డ నేసి తెచ్చినాడు, దోమతెర మాదిరి పలచగా, మెత్తగా. రంధ్రంలోకి దుమ్ము పోకుండా మెడకు కట్టుకునేదానికి. "పట్టు చీర ఇంత జాగ్రత్తగా నెయ్యలేదు బావా" అన్నాడు. ఇప్పుడు అదే కట్టుకోని ఉండా.

నా బదులు బాంగు ఇచ్చేది ఎవరో చెప్పేదా? మౌలాలి. బీడీ మౌలాలి. కంచు గొంతు. మొదటిసారి విన్నప్పుడు మంచం మీద పండుకోని నవ్వు వచ్చింది, నవ్వితే మెడలోనుంచి బుస్సుమని గాలి. తర్వాత నవ్వు పోయి కుళ్లు వచ్చింది. వాడు ఫలాహ్‌ను తేటగా పలావు అంటాడు. వానికి వేళ కూడా పట్టదు, బీడీ అయిపోయినాక బాంగు. ఓబులేసు అన్నం వేళ తప్పిపోయింది. వాడు ఎప్పుడు లేస్తాడో ఎప్పుడు తింటాడో వాని పెండ్లానికే తెలీదంట.

కొంచెం నడిచే బలం వచ్చినాక, పోయిన నెలలో ఒకరోజు మధ్యాన్నం టోపీ పెట్టుకోని బయలుదేరినా. కాశింబీ వాకిట్లో శనగలు చెరుగుతాండాది.

"యాడికి పోతాండావు ఈ ఎండకు? మీ అన్న ఇస్తాండాడు గదా బాంగు. నిన్నెవరు రమ్మన్నారు?"

పలక తీసి రాసి చూపించినా. నా మర్జీ.

ఆమె చదువుకునింది. చేట కింద పెట్టి లేచి వచ్చి, మెడకు గుడ్డ సరిగా కట్టి, "నీ మర్జీ" అనింది. ఈసారి పెదిమలు వణకలేదు.

మసీదులో ఎవరూ లేరు. గోడ అవతల మౌలాలి బీడీ వాసన నాకు తెలీదు గాని, పొగ కనపడతాండాది. వేళ అయిపోతాండాది. వాడు వచ్చేలోపల మైకన్నా వేసి పెడదామని స్విచ్చి వేసినా. పనిచేస్తాండాదో లేదో చూసేదానికి అలవాటుగా ముందుకు వంగినా. మెడలో ఊపిరి మైకులోకి పోయింది. గుడ్డలోనుంచి, బుస్సుమని, పైన లౌడ్‌స్పీకరు కొమ్ములోనుంచి ఊరంతా వినపడేటట్లు. ఇంగొకసారి. సిగ్గయి వెనక్కి జరగబోయినా.

ఎదురింట్లో మగ్గం ఆగింది. తలుపు తెరిచిన చప్పుడు, ఓబులేసు గొంతు.

"ఏమే, బావ పలావుకు పిలిచినాడు. అన్నం పెట్టు."